అగ్గిగీత మీద ఆకుల కుప్పలు

తేనెబండల అడవిలో పులి లేదు, సింహం లేదు. ఒకప్పుడు ఉండేవేమో, ఎవరూ చూడలేదు. ఉన్నవల్లా దుప్పులు, కుందేళ్ళు, అడవి పందులు, నెమళ్ళు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు. వీళ్ళందరికీ పెద్ద మేఘన్న అనే ముసలి అడవిదున్న. అందరికంటే లావుగా ఉంటాడు కాబట్టి పెద్ద అయ్యాడు. అంతకు మించిన కారణం ఎవరికీ తెలియదు, మేఘన్నకూ తెలియదు.

ఆ అడవికి ఒక భయం ఉంది. దానికి ఉత్తరాన పెద్ద గడ్డి మైదానం. ఎండాకాలంలో ఆ గడ్డి పెళపెళలాడేలా ఎండిపోతుంది. ఏటా ఏదో ఒక రోజున దానికి నిప్పంటుకుంటుంది. ఎవరు అంటిస్తారో, ఎలా అంటుకుంటుందో జంతువులకు ఎన్నడూ అంతు చిక్కలేదు. గాలి మాత్రం ఎప్పుడూ అడవి వైపే వీస్తుంది.

అందుకని ఎండలు ముదరకముందే జంతువులన్నీ కలిసి మైదానానికీ అడవికీ మధ్య ఉన్న నేలను పొడుగునా ఖాళీ చేసేవి. అక్కడ ఆకు గానీ, పుల్ల గానీ, గడ్డి పరక గానీ ఉండకూడదు. నిప్పు అక్కడిదాకా వచ్చి, తినడానికి ఏమీ దొరక్క ఆరిపోవాలి. ఆ ఖాళీ నేలను అగ్గిగీత అనేవాళ్ళు.

పని మొదలయ్యేముందు కొత్తవాళ్ళకు ఆ పని నేర్పడం అక్కడి ఆచారం. నేర్పేది పెంకమ్మ అనే అలుగు. ఒళ్ళంతా పెంకులు, చిన్న కళ్ళు, నేలకు ఆనించిన ముక్కు. ఆమె నేర్పే తీరు ఎవరికీ నచ్చేది కాదు. చేసిన చోటే మళ్ళీ చెయ్యమనేది. ఎందుకని అడిగితే జవాబు చెప్పకుండా ముక్కు నేలకు పెట్టి వాసన చూసేది. నేర్చుకునేవాళ్ళు ఆమెను లోలోపల తిట్టుకునేవాళ్ళు, పైకి మాత్రం సరే పెద్దమ్మా అనేవాళ్ళు.

ఈ ఏడు సింగారప్ప అనే కొండముచ్చు అడ్డం తిరిగాడు. అందరిలోకీ ఎత్తుగా కూర్చునేవాడు తనే కాబట్టి అందరిలోకీ తెలివైనవాడు కూడా తనే అని అతని నమ్మకం.

"ఆకులు ఊడవడం కూడా ఒక చదువేనా తాతా?" అని మేఘన్నను అడిగాడు. "నేర్పుతూ కూర్చుంటే ఎండలు వచ్చేస్తాయి. నాకు అప్పగించు. ఎవరెంత పని చేశారో చెట్టు మీంచి చూసి నేను చెప్తాను. బాగా చేసినవాడికి బహుమానం, చెయ్యనివాడికి బుద్ధి. అప్పుడు చూడు, పని ఎలా పరుగెత్తుతుందో."

మేఘన్న పెంకమ్మ వైపు చూశాడు. నేర్పకపోయినా పని జరుగుతుంది గానీ గీత తయారవదని ఆమె అంది. మేఘన్నకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఎవరు ఏం చెప్పినా నిజమే అనిపించడం అతనికి చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. చాలాసేపు నెమరు వేసి, చివరికి గీతను మధ్యలో ఉన్న చీలినబండ దగ్గర రెండుగా విడగొట్టాడు. తూర్పు సగం సింగారప్పకు, పడమటి సగం పెంకమ్మకు. ఎవరి సగం బాగుందని తనకు అనిపిస్తే, మొత్తం గీత వాళ్ళ చేతికే ఇస్తానన్నాడు.

తూర్పు సగంలో పనికి వచ్చినవాళ్ళలో కోరయ్య అనే అడవి పంది ఉన్నాడు. అతను ఈ అడవికి కొత్త. ఉంటున్న అడవి నిరుడు కాలిపోతే భార్య చుక్కమ్మను వెంటబెట్టుకుని ఇటు వచ్చాడు. చుక్కమ్మ ఈమధ్యే ఈనింది. పిల్లలకు ఇంకా కాళ్ళు నిలవడం లేదు. వాటితో ఆమె ఒక వెదురుపొద కింద పడుకుని ఉంది. ఆ పొద అగ్గిగీతకు ఆనుకుని, సరిగ్గా తూర్పు సగం వెనకాల ఉంది. నిప్పు గీత దాటిందంటే మొదట చేరేది అక్కడికే. ఆ సంగతి తెలుసు కాబట్టే కోరయ్య పనికి అందరికంటే ముందు వచ్చాడు.

"అయ్యా, మా అడవిలో ఇలాంటి గీత లేదు. ఎలా చెయ్యాలో చెప్తే చేస్తాను," అన్నాడు.

సింగారప్ప కొమ్మ మీద నుంచే నవ్వాడు. కింద ఆకులు కనబడుతున్నాయి కదా, తియ్యడమే, ఇందులో చెప్పడానికి ఏముందన్నాడు. తీసి ఎక్కడ వెయ్యాలని కోరయ్య అడిగాడు. కుప్ప వెయ్యమన్నాడు సింగారప్ప. ఆ కుప్ప ఎక్కడ వెయ్యాలని అడిగేసరికి అతనికి విసుగొచ్చింది. పని చెయ్యడం ఇష్టం లేనివాళ్ళే ఇన్ని ప్రశ్నలు అడుగుతారని అందరూ వినేలా అన్నాడు. కోరయ్య తల దించుకుని పనిలోకి వెళ్ళాడు.

పందికి చేతులు లేవు, ముట్టె ఉంది. కోరయ్య ముట్టెతో నేలను కుమ్మాడు. ఆకులు, వాటి కింద మాగిన ఆకులు, వేళ్ళు, అన్నీ పెళ్ళగించి మైదానం వైపుకు ఎగజిమ్మాడు. ఎర్రమట్టి బయటపడింది. సాయంత్రానికి ఒళ్ళు నొప్పులు పుట్టాయి గానీ మనసుకు తృప్తిగా ఉంది. పిల్లల కోసం చేసిన పని కదా.

రెండు మూడు రోజులకు ఒకసారి పని పూర్తయ్యాక సింగారప్ప పెద్ద ఇప్పచెట్టు చివర కూర్చుని స్థానాలు చెప్పేవాడు. మొదటి స్థానం వచ్చినవాడికి ఒక తునికిపండు. అది చిన్న సంగతి, పెద్ద సంగతి వేరే ఉంది. ఎండలకు వాగు ఎండిపోయి, ఇసుకలో ఒక్క చెలమ మిగిలింది. స్థానాల వరసలోనే అందరూ అక్కడ నీళ్ళు తాగాలని సింగారప్ప నియమం పెట్టాడు. ముందున్నవాడికి తేటనీళ్ళు, చివరివాడికి బురద. పందికి బురదంటే ఇష్టమే, కానీ పొర్లడానికి, తాగడానికి కాదు.

మొదటిసారే కోరయ్యకు చివరి స్థానం వచ్చింది.

పొరపాటున చెప్పారేమో అనుకున్నాడు. అందరూ వెళ్ళాక చెట్టు కిందికి వెళ్ళి, తన పనిలో ఏం తప్పుందో చెప్పమని అడిగాడు.

"నీ కుప్ప ఏది?" అన్నాడు సింగారప్ప.

తాను ఆకులన్నీ మైదానంలోకి విసిరేశానని, కింద నేల చూడమని కోరయ్య చెప్పాడు. సింగారప్ప మెడ సాచి చూశాడు. చెట్టు మీది నుంచి కుప్పలు కనబడతాయి, నేల కనబడదు. దిగి చూడవచ్చు, కానీ స్థానాలు చెప్పేవాడు దిగితే మర్యాద ఏముంటుంది? తనకేమీ కనబడటం లేదని, కనబడని పని పని కాదని చెప్పి పంపేశాడు.

ఆ రోజు కోరయ్య బురదనీళ్ళు తాగి, ఆ బురదే నోట్లో పట్టుకెళ్ళి చుక్కమ్మకు ఇచ్చాడు. ఆమె తాగలేక ఉమ్మేసింది. పాలు తగ్గి పిల్లలు కీచుమంటున్నాయి. కోరయ్యకు ఏడుపొచ్చింది. అంత కష్టపడ్డాడు, ఏం తప్పు చేశాడో తెలియదు, దిద్దుకుందామంటే చెప్పేవాడు లేడు.

తూర్పు సగంలో తికమక పడింది కోరయ్య ఒక్కడే కాదు. ఎత్తైన కుప్పకు మొదటి స్థానం అని సింగారప్ప అన్నాడు. అందరూ ఎత్తుగా పేర్చారు. గాలికి అవి కూలిపోతే, ఇక నుంచి వెడల్పు చూస్తానన్నాడు. అందరూ కుప్పలను కాళ్ళతో చదును చేసి పరిచారు. ఇంకో రోజు కొందరు కూర్చుని కనబడ్డారని కోపమొచ్చి, కదలకుండా ఉన్నవాడికి చివరి స్థానమే అన్నాడు. ఆ రోజంతా జంతువులు నోట్లో తలా ఒక ఆకు పెట్టుకుని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరుగులు తీశాయి. దుప్పి ఒకటి పొద్దున పట్టుకున్న ఆకునే సాయంత్రం దాకా మోసింది.

నెమలి కథ ఇంకా తమాషా. దాని తోక చీపురు కంటే బాగా నేలను ఊడ్చేది. ఊడ్చీ ఊడ్చీ కుప్ప మాత్రం పిడికెడే అయ్యేది. ఒకనాడు విసిగిపోయి, ఆ పిడికెడు కుప్ప మీద నిలబడి పింఛం విప్పింది. పై నుంచి చూసిన సింగారప్ప అదంతా కుప్పే అనుకుని రెండో స్థానం ఇచ్చాడు. మర్నాటి నుంచి నెమలి ఊడవడం మానేసింది. ఏది పనో, ఏది కాదో దానికి కూడా తెలియకుండా పోయింది.

ఎప్పుడూ మొదటి స్థానం దూకుడయ్య అనే కుందేలుకే వచ్చేది. చిన్న ప్రాణి, ఇంత పెద్ద కుప్ప ఎలా వేస్తున్నాడా అని కోరయ్య ఒకరోజు వెనకాలే వెళ్ళి చూశాడు. దూకుడయ్య గీత దగ్గర ఒక్క ఆకు కూడా ముట్టుకోవడం లేదు. అడవి లోపల ఒక గుంట ఉంది. చుట్టూ ఉన్న మోదుగ చెట్ల ఆకులన్నీ అందులో రాలి లోతుగా పేరుకుపోయి ఉన్నాయి. వాటిని దొర్లించుకుంటూ తెచ్చి గీత మీద కుప్ప పోస్తున్నాడు.

కోరయ్యకు మతి పోయింది. "గీత మీద ఆకులు లేకుండా చెయ్యడానికి కదా మనం వచ్చింది? నువ్వు ఆకులు తెచ్చి గీత మీద వేస్తున్నావేంటి?" అన్నాడు.

దూకుడయ్యకు కోపం రాలేదు. చెవి గోక్కుంటూ, మొదట్లో తానూ అలాగే అనుకున్నానన్నాడు. "అవన్నీ ఆలోచించినన్నాళ్ళూ నాకు నీళ్ళు దొరకలేదు కోరయ్య మామా. మానేశాక దొరుకుతున్నాయి," అన్నాడు.

ఆ మాట కోరయ్య ఇంటికి మోసుకెళ్ళాడు. గీత శుభ్రంగా లేకపోతే నిప్పు వస్తుంది, వస్తే పిల్లలు పోతాయి. కుప్ప లేకపోతే నీళ్ళు ఉండవు, అప్పుడూ పిల్లలు పోతాయి. నిప్పు ఎప్పుడో వచ్చేది, దాహం ఇవాళ్టిది. చుక్కమ్మను అడిగితే ఆమె కూడా తేల్చలేకపోయింది. పిల్లల పక్కటెముకలు చూపించి ఊరుకుంది.

మర్నాడు కోరయ్య మోదుగుల గుంటకు వెళ్ళాడు.

అతను బలమైనవాడు. ఛాతీతో నెట్టుకుంటూ ఒక్క పూటలో కుందేలు కుప్పకు ఎన్నో రెట్లు తెచ్చాడు. ఇల్లు దగ్గరని, వెదురుపొదకు ఎదురుగానే గీత మీద కుప్ప పోశాడు. సాయంత్రం సింగారప్ప చెట్టు మీది నుంచి చప్పట్లు కొట్టాడు. నిన్నటిదాకా చివర ఉన్నవాడు ఇవాళ మొదటికి వచ్చాడని, స్థానాలు పెట్టడం వల్లనే ఇది సాధ్యమైందని ఉపన్యాసం ఇచ్చాడు. కోరయ్య మొదటిసారి తేటనీళ్ళు తాగాడు. చుక్కమ్మను కూడా చెలమ దగ్గరికి తెచ్చి దారి ఇమ్మని అడిగితే అందరూ తప్పుకున్నారు. రెండు రోజుల్లో ఆమెకు పాలు పడ్డాయి. పిల్లలు కడుపునిండా తాగి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయాయి.

కోరయ్యకు సంతోషంగానే ఉంది. కానీ ఆ కుప్ప పక్కగా వెళ్ళినప్పుడల్లా తల పక్కకు తిప్పుకునేవాడు.

ఒక మధ్యాహ్నం ఆకులు నెట్టుకుంటూ చీలినబండ దాకా వెళ్ళాడు. అవతల పడమటి సగం. అక్కడ ఒక ఎలుగుబంటి గోళ్ళతో నేల గీకుతోంది. పెంకమ్మ వచ్చి ముక్కు నేలకు పెట్టింది. ఈ చివర బాగుందని, ఆ వేరు పక్కన మాత్రం ఇంకా మిగిలిందని, అక్కడ గోరు పక్కకు తిప్పి లాగమని చెప్పింది. ఎలుగుబంటి గొణుక్కుంటూ మళ్ళీ గీకింది. పెంకమ్మ పక్కనే కూర్చుంది, అది అయ్యేదాకా కదల్లేదు.

అక్కడ ఎవరికీ స్థానాలు లేవు. ఒక్క కుప్ప కూడా లేదు. కోరయ్యకు వాళ్ళ మీద జాలి వేసింది. తర్వాత తన మీద అనుమానం వేసింది.

"పెద్దమ్మా, వాసన చూస్తే ఏం తెలుస్తుంది?" అని అడిగాడు.

"నిప్పు పైన ఆకులే తింటుందనుకుంటారు. కింద మాగిన ఆకు ఉంటుంది చూడు, అది ఎండలకు ఎండి, లోపల లోపలే రాజుకుంటుంది. మట్టి వాసన రావాలి. ఆకు వాసన వస్తే ఇంకా పని ఉన్నట్టే," అంది పెంకమ్మ. అతని ముట్టె వైపు చూసి, ఈ పనికి ఇంతకంటే మంచి పనిముట్టు తన దగ్గర ఒక్కటీ లేదని కూడా అంది.

కోరయ్య తన సగానికి తిరిగి వచ్చి నేల వాసన చూశాడు. మొదటి రోజు తాను కుమ్మిన కాస్త చోట మట్టి వాసన వచ్చింది. మిగతా అంతా ఆకు వాసనే.

వెంటనే ఇప్పచెట్టు దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పాడు. గీత మొత్తం ముట్టెతో కుమ్మేస్తానని, రెండు మూడు రోజులు కుప్ప అడగవద్దని బతిమాలాడు. సింగారప్ప తోకను కొమ్మకేసి కొట్టాడు. పై నుంచి చూస్తే అంతా అద్భుతంగా ఉందని, మొదటి స్థానం రాగానే కోరయ్యకు తల తిరిగిందని అన్నాడు. "నీకు ఇష్టమైతే వాసన చూసుకుంటూ కూర్చో. నీళ్ళ వరసలో మాత్రం చివర నిలబడు," అన్నాడు.

కోరయ్య వెనుదిరిగాడు. ఇది మేఘన్నతో చెప్పవచ్చు. రోజూ రేపు చెప్దాం అనుకునేవాడు. పిల్లలకు కాళ్ళు నిలిచాక చెప్దాం అనుకునేవాడు. పొద్దున్నే లేచి మళ్ళీ గుంట దగ్గరికే వెళ్ళేవాడు.

ఎండలు ముదిరాయి. మేఘన్న గీత చూడటానికి వచ్చాడు. తూర్పు సగంలో ఆ చివర నుంచి ఈ చివర దాకా కుప్పలే కుప్పలు. ఎన్ని ఆకులు, ఎంత పని అని ముసలాయన నోరు తెరిచాడు. పడమటి వైపు వెళ్తే ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. కళ్ళు చికిలించి అటూ ఇటూ చూశాడు. ఇక్కడ ఏం పని జరిగిందో తనకేమీ కనబడటం లేదన్నాడు.

"ఏమీ కనబడకూడదనే చేశాం," అంది పెంకమ్మ.

మేఘన్నకు ఆ మాట బొత్తిగా అర్థం కాలేదు. సింగారప్ప అందుకున్నాడు. ఇన్నాళ్ళూ నేర్పీ నేర్పీ చివరికి చూపించడానికి ఒక్క కుప్ప కూడా లేదని నవ్వాడు. తూర్పు జంతువులు కూడా నవ్వాయి. మేఘన్న కోరయ్య వైపు తిరిగి, మొదటి స్థానం నీదే కదా, నువ్వు చెప్పు, మీ సగం బాగుందా అని అడిగాడు.

చెప్పడానికి అదే సమయం. కోరయ్య నోరు తెరిచాడు. పైన కొమ్మ మీద సింగారప్ప కనిపించాడు. చెలమ దగ్గర వరస గుర్తొచ్చింది.

"బాగానే ఉంది తాతా," అన్నాడు.

దాంతో మేఘన్న మొత్తం గీతను సింగారప్పకు అప్పగించాడు. పెంకమ్మ ఒళ్ళు బంతిలా చుట్టుకుని చీలినబండ పక్కన పడుకుంది. మర్నాటి నుంచి పడమటి సగంలో కూడా కుప్పలు వెయ్యాలని సింగారప్ప ఆజ్ఞ వేశాడు.

ఆ మర్నాడే మైదానంలో పొగ లేచింది.

ఎండ నడినెత్తిన ఉంది. గాలి అడవి వైపు వీస్తోంది. మంట గడ్డిని తింటూ గుర్రుమంటూ వచ్చింది. పడమటి వైపు గీత దాకా వచ్చి ఆగింది. అటూ ఇటూ నాలుకలు చాపింది. ఎర్రమట్టి మీద దానికి ఏమీ దొరకలేదు. కాసేపటికి అక్కడ బూడిదే మిగిలింది.

తూర్పు వైపు దానికి విందు దొరికింది. ఒక్కో కుప్ప భగ్గుమని చెట్టంత ఎత్తు లేచింది. కాలే ఆకులను గాలి ఎగరేసి అడవిలో పోసింది. తూర్పు జంతువులకు ఏం చెయ్యాలో తెలియలేదు. ఇన్నాళ్ళలో వాళ్ళకు తెలిసిన పని ఒక్కటే. దూకుడయ్య తన కుప్పకు నిప్పు అంటకుండా పక్కకు దొర్లించబోయి మీసాలు కాల్చుకున్నాడు. దుప్పులు ఆకులు నోట కరుచుకుని పరుగులు తీశాయి. అందరూ ఇప్పచెట్టు వైపు తల ఎత్తారు. ఇప్పుడేం చెయ్యమంటావని అడిగారు. సింగారప్ప కొమ్మల్లో అటూ ఇటూ గెంతాడు. నిప్పు ఆర్పడం అతనికీ ఎవరూ నేర్పలేదు. ఆ చెట్టు మొదట్లో మంట రాజుకోగానే పక్క చెట్టు మీదికి దూకి పారిపోయాడు.

కోరయ్య వెదురుపొద దగ్గరికి పరుగెత్తాడు. పొదకు ఎదురుగా ఉన్న కుప్ప భగభగ మండుతోంది. చుక్కమ్మ ఒక పిల్లను నోట కరుచుకుని నిలబడింది. మిగతావాటిని ఎలా తీసుకుపోవాలో తెలియక అక్కడే గిరగిరా తిరుగుతోంది. కోరయ్య ముట్టె నేలకు దించాడు. పొద చుట్టూ కుమ్మడం మొదలుపెట్టాడు. ఆకు వాసన పోయి మట్టి వాసన వచ్చేదాకా కుమ్మి, ఇంకో అడుగు వేసి మళ్ళీ కుమ్మాడు. కానీ ఒక్కడు ఎంతని చేస్తాడు? వెనక వైపు ఆకుల కింద నుంచి పొగ పాక్కుంటూ వస్తోంది.

అప్పుడు చీలినబండ వైపు నుంచి ఎలుగుబంటి వచ్చింది. దాని వెనక పడమటి జంతువులన్నీ వచ్చాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఎలుగుబంటి పొగ వస్తున్న చోట గోళ్ళు దించింది. మిగతావాళ్ళు దాని పక్కన ఎడం ఇచ్చుకుని వరసగా నిలబడి నేల గీకారు. గీకిన చోట ముక్కు పెట్టి చూసుకున్నారు, కాదనుకుంటే మళ్ళీ గీకారు. పెంకమ్మ ఇంకా దారిలోనే ఉంది. ఆమె చేరేసరికి పొద చుట్టూ ఎర్రమట్టి గీత తయారైంది. ఆమె చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

పొద నిలిచింది, పిల్లలు బతికాయి. కానీ తూర్పు అడవి చాలా దూరం కాలిపోయింది. తునికిచెట్లు పోయాయి, మోదుగుల గుంట పోయింది, సింగారప్ప కూర్చునే ఇప్పచెట్టు నల్లటి మోడైంది. కొండముచ్చుల గుంపుకు ఆ ఏడు తినడానికి ఏమీ లేక, పడమటి వైపు చెట్ల కింద నిలబడి ఒక్కో పండూ అడుక్కుతినవలసి వచ్చింది.

మంట చల్లారాక చుక్కమ్మ మొగుడిని అడిగింది.

"ఏమయ్యా, మన పొద మీదికి మంట ఎక్కడి నుంచి వచ్చింది?"

కోరయ్య గీత మీది బూడిద వైపు చూశాడు. "మొదటి స్థానం వచ్చిన కుప్ప నుంచి," అన్నాడు.

ఆమె పిల్లలను దగ్గరికి లాక్కుంది. అక్కడే ఉన్న మేఘన్న మాత్రం ఊరుకోలేదు. "నీకు తెలిసీ నాకెందుకు చెప్పలేదు? నేను నిన్నే అడిగాను కదా?" అని గద్దించాడు.

"చెప్తే నీళ్ళు ఉండవు తాతా. చెప్పకపోతే ఉంటాయి. నా పిల్లలకు దాహంగా ఉండింది," అన్నాడు కోరయ్య. "తప్పు నాదే. కాదనను. కానీ తప్పు చేసినన్నాళ్ళూ నన్ను మెచ్చుకున్నారు. సరిగ్గా చేసిన రోజు ఒక్కటే నన్ను చివర నిలబెట్టారు."

మేఘన్న నెమరు వెయ్యడం ఆపేశాడు. ఈసారి అతనికి రెండు మాటలు నిజమనిపించలేదు, కోరయ్య మాట ఒక్కటే నిజమనిపించింది. చుట్టూ ఉన్నవాళ్ళను చూశాడు. కుందేలు, నెమలి, దుప్పులు, అందరూ పాపం కష్టపడ్డవాళ్ళే. ఒళ్ళు దాచుకున్నవాడు ఒక్కడూ లేడు. అంత కష్టమూ మంటకు మేత అయింది.

మరుసటి ఏడు ఎండలకు ముందు, చీలినబండ దగ్గర కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి కూర్చున్నారు. ఆ వరసలో పిల్ల దుప్పుల పక్కన ఒక పెద్ద శరీరం కనిపించింది. మేఘన్న. గీత బాగుందో లేదో ఇన్నేళ్ళూ తీర్పు చెప్పాడు గానీ, ఒక్క రోజు కూడా ఆ పని చెయ్యలేదని అతనికి అప్పటికి తోచింది. అతని వెనకాల సింగారప్ప కూడా ఉన్నాడు, మొదటిసారి నేల మీద, అరచేతులు నొప్పి పెడుతున్నాయని గొణుక్కుంటూ.

సాయంత్రానికి మేఘన్న తన కాలి గిట్టలతో ఒక మూల గీకి, రొప్పుతూ నిలబడ్డాడు. బాగుందా అన్నట్టు పెంకమ్మ వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పని ఆపి చూశారు. అడవికి పెద్ద మరి, ఏమంటుందో అని.

పెంకమ్మ నేల వాసన చూసింది.

"ఈ పక్క బాగుంది. ఆ పక్క ఇంకా ఆకు వాసన వస్తోంది తాతా. కాలు ఇలా పక్కకు వాల్చి గీకు, వస్తుంది. నేనిక్కడే ఉంటాను," అంది.

మేఘన్న కాలు పక్కకు వాల్చి మళ్ళీ మొదలుపెట్టాడు.

నీతి: పని నేర్పకుండా కొలవడం మొదలుపెడితే, కష్టపడేవాడు కూడా పని వదిలేసి కొలత కోసమే కష్టపడతాడు, అందుకే పెద్ద అయినవాడు ముందు నేర్పాలి, తర్వాత దగ్గరికి వచ్చి చూడాలి, ఆ తర్వాతే మెచ్చుకోవాలి.